బొమ్మల రామలింగడు, పద్యాల రామకృష్ణుడు

మాలూరు దాటి బంగారుపేట వైపు వెళ్లే పాసింజరు బండి టేకల్ స్టేషన్‌లో ఆగేది కొద్దిసేపే. ఆ కాస్త వ్యవధిలోనే ఒక ఐదో తరగతి పిల్లవాడు మమ్మల్ని ఇరుకున పెట్టాడు. వాడి చేతిలో కన్నడలో అచ్చయిన బొమ్మల పుస్తకం ఉంది. అట్ట మీద నున్నటి నుదురు, వెనక పిలక, భుజాన కండువా, పెదవి చివర కొంటెనవ్వు. ఇంట్లో అమ్మమ్మ ఇవే కథలు తెలుగులో చెబుతుందట, బడిలో కన్నడలో చదివిస్తారట, టీవీలో హిందీలో మాట్లాడతాడట. ఇంతకీ ఈ రామకృష్ణుడు ఎవరివాడు, నిజంగా ఉన్నాడా లేక బొమ్మల్లోనే పుట్టాడా అన్నది వాడి సందేహం. బండి కూత వేసింది. మేము సగం జవాబు చెప్పి ఎక్కేశాం. మిగిలిన సగం ఇది.

మన పిల్లలకు ఈయన ముందుగా బొమ్మగా పరిచయమవుతాడు. పల్లెటూరి నుంచి వచ్చి పట్నపు పెద్దల తెలివిని తలకిందులు చేసే గడుగ్గాయి. అలా పరిచయం కావడంలో తప్పు లేదు. కానీ ఆ బొమ్మ వెనక రాయడం వచ్చిన మనిషి ఒకడున్నాడనీ, ఆయన రాసినది మన చేతికి అందే దూరంలోనే ఉందనీ పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. అమ్మానాన్నలు చెబుదామనుకున్నా వారికి తెలిసింది పిల్లి కథ, దొంగల కథ వరకే. ఉపాధ్యాయుల్లోనూ చాలామందిమి అంతే. ఆ మాట దాచుకుని ప్రయోజనం లేదు.

ఆయన తండ్రి రామయ్య, తల్లి లక్ష్మమ్మ, గోత్రం కౌండిన్యస. పుట్టిన ఊరు ఇప్పటి పల్నాటి సీమలోని గార్లపాడు అని చెబుతారు. ఇంటి పేరు గార్లపాటి. చిన్నప్పుడే తండ్రి పోగా తల్లి పిల్లవాణ్ని వెంటబెట్టుకుని తెనాలిలోని పుట్టింటికి చేరిందని జనంలో ఉన్న కథ. తెనాలిలో రామలింగేశ్వరుడి గుడి ఉంది. రామలింగడన్న పేరు ఆ దేవుడిదే అంటారు. ఆ విధంగా పుట్టిన ఊరు ఇంటి పేరులో నిలిచింది, పెరిగిన ఊరు లోకం పిలిచే పేరులో నిలిచింది.

ఇక్కడ చిన్న సంగతి. బొమ్మల పుస్తకాల్లో తెనాలి అనగానే పచ్చటి కాలువలు, కొబ్బరిచెట్లు గీస్తారు. కృష్ణ మీద విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది 1855లో. రామలింగడు ఆడుకున్న ఊళ్లో ఆ కాలువలు లేవు. వానకు ఎదురుచూసే పొలాలు, ఊరి చెరువు, ఏరు పొంగితే భయం, పొంగకపోతే భయం. కోలారు జిల్లా పిల్లలకు ఆ బతుకు వేరే వివరించి చెప్పనక్కర్లేదు. చెరువు నిండిన ఏడు, ఎండిన ఏడు అని ఏళ్లు లెక్కపెట్టుకునే జిల్లా మనది. కనుక ఈ బడి పిల్లలు రామలింగడి ఊరిని ఊహించుకోవాలంటే కోనసీమ దాకా పోవద్దు, టేకల్ చుట్టూ ఉన్న గుండ్రాళ్ల కొండలు కాస్త తీసేసి చూస్తే చాలు.

చదువు విషయంలో కథలన్నీ ఒకే మాట చెబుతాయి. పిల్లవాడు బడి ఎగ్గొట్టి తిరిగేవాడు. దారిలో ఒక సాధువు కనిపించి మంత్రం చెప్పాడు. కాళి గుడిలో కూర్చుని జపం చేస్తే అమ్మవారు ప్రత్యక్షమై రెండు గిన్నెలు చూపింది. పాలగిన్నె తాగితే విద్య, పెరుగుగిన్నె తాగితే ధనం. ఒకటి ఎంచుకోమంటే రెండూ కలిపి గుటుక్కున మింగేశాడు. అమ్మవారు మొదట కోపగించి, తరువాత నవ్వి, వికటకవివి కమ్మని దీవించింది. కుడి నుంచి చదివినా ఎడమ నుంచి చదివినా మారని ఆ మాట ఆయనకు అలా అంటుకుందట. మా చిన్నప్పుడు మాకు ఈ కథ చెప్పిన పెద్దలు గిన్నెల దగ్గరికి రాగానే ఒక క్షణం ఆగి, నువ్వయితే ఏది తాగుతావని అడిగేవారు. ఏది తాగుతామన్నా తిట్టేవారు. పిల్లలతో ఈ కథ చెప్పించడానికి అదే సరైన చోటు.

కథ అలా ఉండగా, ఆయన రాసిన పుస్తకాలు మాత్రం బడి ఎగ్గొట్టినవాడు రాయగలిగినవి కావు. సంస్కృతం, వ్యాకరణం, ఛందస్సు, పురాణాలు ఏళ్ల తరబడి నూరితే తప్ప రాని పద్యాలు అవి. అగ్రహారంలో ఎవరో ఒక గురువు దగ్గర, తెల్లవారుజామున దీపం పెట్టుకుని, వల్లె వేసి వల్లె వేసి నేర్చుకున్న చదువు ఆ పద్యాల్లో కనిపిస్తుంది. అమ్మవారి వరంతో ఒక్క రాత్రిలో చదువు వచ్చేసిందన్న కథ పిల్లలకు ముద్దుగా ఉంటుంది. ఆ చదువు వెనక ఎంత శ్రమ ఉందో చెప్పే బాధ్యత మనది.

రామలింగడి మొదటి పెద్ద రచన ఉద్భటారాధ్య చరిత్రము. ఇది శైవ కావ్యం. కృష్ణరాయలు 1515లో కొండవీటి కోటను గజపతుల చేతి నుంచి గెలుచుకున్నాడు. ఆ కొండవీటిని తరువాత ఏలినవాడు మహామంత్రి తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి. ఆయన కొలువులో పనిచేసిన ఊర దేచయ అనే అధికారికి రామలింగడు తన కావ్యాన్ని అంకితమిచ్చాడు. పల్లె నుంచి బయలుదేరిన కుర్రవాడు తిన్నగా హంపీ సింహాసనం ముందు వాలలేదన్నమాట. దగ్గరి కోటలో, లెక్కలూ కాగితాలూ చూసే ఒక ఉద్యోగి దగ్గర మొదటి ఆదరణ దొరికింది. ఈ ముక్క ఏ బొమ్మల పుస్తకంలోనూ ఉండదు. రాజు లేని కథకు అట్ట బొమ్మ గీయడం కష్టం మరి.

హంపీ సంగతికి వద్దాం. అష్టదిగ్గజాలు అనగానే మనం వేళ్లు మడిచి చెప్పే ఎనిమిది పేర్లలో తెనాలి రామకృష్ణుడు ఒకడు. కృష్ణదేవరాయలు ఏలింది 1509 నుంచి 1529 వరకు. ఆ ఎనిమిది మందిలో రామరాజభూషణుడి వంటివారి కావ్యాలు రాయల తరువాతి తరంలో పుట్టాయి. వసుచరిత్ర అంకితం పొందినది తిరుమలరాయలు. అంటే ఎనిమిది మందీ ఒకే పూట ఒకే సభలో ఎనిమిది ఆసనాల మీద కూర్చున్నారన్నది జనం ప్రేమతో కట్టిన మాల. రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యాన్ని కూడా కొందరు సాహిత్య చరిత్రకారులు రాయల తరువాతి కాలంలోనే ఉంచుతారు. ఉద్భటారాధ్య చరిత్రము నాటికి రాయల పాలన నడుస్తోంది. ఆ రెండింటినీ కలిపి చూస్తే, రాయల రోజుల్లో యువకుడుగా మొదలుపెట్టి ఆ తరువాత చాలా ఏళ్లు రాసిన కవి మన కళ్ల ముందు నిలుస్తాడు. రాజుకూ ఆయనకూ మధ్య నడిచిన హాస్యమంతా మాత్రం జనం నోటి నుంచి వచ్చినదే.

మరి రైలు దగ్గరి పిల్లవాడు అడిగిన మొదటి ప్రశ్న, ఎవరివాడు అన్నది? దానికి జవాబు రాజు దగ్గరే మొదలుపెట్టాలి. కృష్ణరాయల బిరుదుల్లో కన్నడ రాజ్య రమారమణ అన్నది ఒకటి. ఆ రాజే తెలుగులో ఆముక్తమాల్యద రాశాడు. కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళంలో ఆంధ్ర విష్ణువు కలలో కనిపించి తెలుగులో రాయమన్నాడని తన కావ్యం మొదట్లో తానే చెప్పుకున్నాడు. శాసనాలు కన్నడలోనూ తెలుగులోనూ తమిళంలోనూ సంస్కృతంలోనూ వేయించాడు. ఒకే రాజ్యంలో ఇన్ని భాషలు పక్కపక్కన పనిచేసిన కాలం అది. కోలారు సీమలో ఇవాళా ఒకే వీధిలో ఈ మూడు నాలుగు భాషలూ వినిపిస్తాయి. విజయనగరం వాళ్లకు టేకల్ తెలియని ఊరేమీ కాదు. 1430ల నాటి ఇక్కడి శాసనాల్లో సాళువ గోపరాజు పేరు ఉంది. ఆ సాళువ వంశమే తరువాత విజయనగర సింహాసనం ఎక్కింది. అంటే రామలింగడు పుట్టకముందే మన వరదరాజస్వామి గుడి ఊరు విజయనగర చరిత్రలో ఎక్కి కూర్చుంది.

ఇంకొక దగ్గరి దారి ముళబాగిలు మీదుగా ఉంది. కథల్లో రామలింగడు ఎప్పుడూ ఏడిపించే రాజగురువు తాతాచార్యులు. చరిత్రలో కృష్ణరాయలు ఎంతగానో గౌరవించిన పీఠాధిపతి వ్యాసతీర్థులు. ఆయన చదువుకున్నది ముళబాగిలులో, శ్రీపాదరాజుల దగ్గర. కోలారు జిల్లా పిల్లవాడు హంపీ కథ చదివేటప్పుడు ఈ సంగతి చెబితే వాడి ముఖం ఎలా మారుతుందో చూడండి. తన ఊరి బస్సు ఆగే చోటు నుంచి ఒక మనిషి నడిచి వెళ్లి రాయల సభలో కూర్చున్నాడన్నమాట.

ఆ సభలో రామలింగడు చేశాడని చెప్పే పనులు అందరికీ తెలిసినవే. ఎక్కడి నుంచో వచ్చిన పండితుడు సభను సవాలు చేస్తే, ఒక గ్రంథం గుడ్డలో కట్టి తెచ్చి, దాని పేరు తిలకాష్ఠ మహిష బంధనం అన్నాడు. అలాంటి గ్రంథం పేరే వినని పండితుడు రాత్రికి రాత్రి ఊరు విడిచాడు. మూట విప్పి చూస్తే నువ్వుల కట్టెలు, వాటిని బిగించిన గేదె పలుపు. దొంగలు పెరట్లో దాగారని తెలిసి, నగల మూట నూతిలో పడేశామని భార్యతో గట్టిగా చెప్పి, తెల్లవార్లూ వాళ్ల చేత నీళ్లు తోడించి తోట తడుపుకున్నాడు. ఇంటింటికీ పిల్లినీ పాలకోసం ఆవునూ ఇచ్చి పెంచమంటే, కాగే పాలు ముందు పెట్టి పిల్లికి పాలంటేనే భయం పుట్టించాడు. ఆవు పాలన్నీ తాను తాగాడు.

పల్లెటూరి పనిముట్లే ఆయన ఆయుధాలు. గమనించండి, ఏ కథలోనూ కత్తి లేదు. నువ్వుల కట్టె, పలుపుతాడు, నుయ్యి, పిల్లి, వంకాయ, కుంపటి. పండితుడు ఓడిపోయింది గొడ్ల పాక ముందు. ఈ కథలు నిలిచిపోవడానికి సగం కారణం అదేనని మా లెక్క. సేద్యం చేసే ఇంటి పిల్ల ఈ కథ వింటున్నప్పుడు పలుపుతాడు అనగానే తనకు తెలుస్తుంది, పండితుడికి తెలియలేదు. అక్కడ పిల్ల గెలుస్తుంది.

అయితే అన్ని కథలూ ఒకే తూకం కావు. పిల్లి నోరు కాల్చడం మాకు ఇప్పుడు నవ్వు తెప్పించదు. తరగతిలో ఆ కథ చెబితే ఎవరో ఒకరు పిల్లికి నొప్పి పుట్టదా అని అడుగుతారు. ఆ ప్రశ్నను దాటవేయకండి. గూనివాళ్లనూ నత్తివాళ్లనూ ఎగతాళి చేసే కథలు కొన్ని ఈయన పేరు మీదే చలామణిలో ఉన్నాయి. వాటిని మేము వదిలేస్తాం. నాలుగు వందల ఏళ్లలో ఎవరు పడితే వారు తమకు తోచిన చమత్కారం తెచ్చి ఈయన ఖాతాలో వేశారు. మొగలు దర్బారులో బీర్బల్‌కూ, బెంగాల్‌లో గోపాల్ భాఁడ్‌కూ ఇదే జరిగింది. మనిషి పేరు మారుస్తారు, రాజు పేరు మారుస్తారు, అదే తోట, అదే దొంగలు.

ఇప్పుడు ఆయన నిజంగా రాసిన దాని దగ్గరికి వెళ్దాం. శైవుడైన రామలింగడు తరువాత వైష్ణవం వైపు వచ్చాడు. భట్టరు చిక్కాచార్యులను గురువుగా చెప్పుకున్నాడు, రామకృష్ణుడయ్యాడు. ఆ పేరుతో రాసినదే పాండురంగ మాహాత్మ్యము. ఐదు ఆశ్వాసాలు. విరూరి వేదాద్రి మంత్రికి అంకితం. ఇప్పటి మహారాష్ట్రలోని పండరిపురం మహిమ చెప్పే కావ్యం ఇది. తెలుగు పంచకావ్యాల్లో దీన్నీ చేర్చి లెక్కపెట్టేవారున్నారు. తెలుగు కవి, విజయనగర రాజ్యం, మరాఠీ దేశపు దేవుడు. ఎల్లలు మనం గీసుకున్నంత గట్టిగా అప్పుడు లేవు.

ఆ కావ్యంలో పుండరీకుడి కథ ఉంది, అయుత నియుతుల కథ ఉంది. కానీ చదివినవారెవరూ మరిచిపోలేనిది నిగమశర్మ కథ. పిఠాపురంలో సభాపతి అనే మంచి పండితుడికి పుట్టిన కొడుకు ఈ నిగమశర్మ. పేరులో వేదం ఉంది, బతుకులో లేదు. చెడు స్నేహాలు పట్టాడు, తండ్రి కూడబెట్టిందంతా తగలేశాడు. ముసలి తల్లిదండ్రులు ఏమీ అనలేక కుమిలిపోతున్నారు. ఆ సంగతి తెలిసి, అత్తవారింట ఉన్న అక్క పిల్లలనూ మగణ్నీ వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చింది. వచ్చీ రాగానే ఇల్లు చక్కబెట్టింది. తమ్ముణ్ని కూర్చోబెట్టి, తలంటి, దగ్గరుండి అన్నం పెట్టి, మెల్లగా మాట కలిపింది. వంశం సంగతి చెప్పింది, అమ్మానాన్నల వయసు చెప్పింది, ఇంట్లో ఉన్న భార్య ముఖం చూడమంది. అతడు తల వంచుకుని విన్నాడు. మారినట్టే కనిపించాడు. కొన్నాళ్లు ఇంటి పట్టునే ఉన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఒక రాత్రి ఇంట్లో ఉన్న నగానట్రా అంతా మూటగట్టుకుని పారిపోయాడు.

తెల్లవారింది. ఇల్లంతా గొల్లుమంది. ఆ ఏడుపుల మధ్య అక్క తలుచుకుని బాధపడింది ఏమిటో తెలుసా, కొత్తగా చేయించుకున్న తన ముక్కెర. అంత ప్రేమగా వచ్చిన మనిషి, అంత నేర్పుగా మాట్లాడిన మనిషి, ఆ క్షణంలో ముక్కెర కోసం ఏడ్చింది. మామూలు కవి అయితే ఇక్కడ ఆమె చేత ధర్మాలు పలికించేవాడు. పల్లెటూళ్లలో పెళ్లిళ్లూ చావులూ దగ్గరగా చూసినవాడికే తెలుస్తుంది, పెద్ద దుఃఖంలో మనిషి చిన్న వస్తువును పట్టుకుని ఏడుస్తుందని. రామకృష్ణుణ్ని నవ్వించే కవి అంటాం. ఈ చోట నవ్వు వస్తుంది, వెంటనే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

నిగమశర్మ ఆ తరువాత దొంగల చేత దెబ్బలు తిన్నాడు, ఒక కాపు ఇంట్లో తలదాచుకున్నాడు, ఆ ఇంటికీ ద్రోహం చేశాడు, అడవుల్లో సంసారం పెట్టాడు, అన్నీ పోగొట్టుకుని చివరికి పుండరీక క్షేత్రంలో నరసింహస్వామి సన్నిధిలో పడి ప్రాణం విడిచాడు. అతడికి మోక్షం దొరికిందని కావ్యం చెబుతుంది. అక్క మాత్రం తిరిగి కథలోకి రాదు. ఇంకో విచిత్రం, ఇంత మనిషికి కవి పేరు పెట్టలేదు. కావ్యమంతా ఆమె నిగమశర్మ అక్కే.

పేరు లేని ఆ అక్కను తెలుగువాళ్లకు మళ్లీ చూపించినవాడు మన రాష్ట్రంలో పనిచేసిన ఒక తెలుగు మాస్టారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అనంతపురం జిల్లావారు. మైసూరు మహారాజా కళాశాలలో మూడున్నర దశాబ్దాలకు పైగా తెలుగు పాఠం చెప్పారు. నిగమశర్మ అక్క అన్న పేరుతో ఆయన రాసిన వ్యాసం తెలుగు విమర్శలో పేరు పొందింది. చుట్టూ కన్నడం నడిచే ఊళ్లో, తెలుగు తీసుకున్న కొద్దిమంది విద్యార్థుల ముందు నిలబడి, నాలుగు వందల ఏళ్ల నాటి ఒక ఆడపడుచు మనసును ఆయన అంత దగ్గరగా చదివారు. ఆయన కన్నడంలోనూ రాశారు, సంగీతంలో పెద్ద విద్వాంసులు, అన్నమయ్య పాటలకు స్వరాలు కట్టారు. 1979లో కన్నుమూశారు. తరగతిలో ఏడుగురే పిల్లలున్నారని, ఈ ఏడు అయిదుగురే చేరారని దిగులుపడే మన తెలుగు ఉపాధ్యాయులకు ఈ మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేకపోయాం. రామకృష్ణుడి జీవిత కథలో ఆయనకెందుకు చోటంటే, కవి పోయాక కూడా కవి బతుకు ఇలాంటివారి చేతుల మీదుగానే సాగుతుంది గనుక.

రామకృష్ణుడి మూడో కావ్యం ఘటికాచల మాహాత్మ్యము. ఘటికాచలం అంటే తమిళనాడులోని షోళింగూరు. కొండ మీద యోగ నరసింహుడు, పక్కనే చిన్న కొండ మీద ఆంజనేయుడు. టేకల్‌లో బండి ఎక్కి, బంగారుపేట, కుప్పం, జోలార్‌పేట, కాట్పాడి మీదుగా చెన్నై లైను మీద పోతే అరక్కోణానికి ముందు షోళింగూరు స్టేషన్ వస్తుంది. మన పిల్లలు చెన్నై పెళ్లిళ్లకు పోతూ కిటికీలోంచి చూసే ఊరే. కృష్ణా తీరంలో పెరిగిన కవి ఒక కావ్యం మరాఠీ దేశపు పండరి మీద, ఒకటి తమిళ దేశపు కొండ మీద రాశాడు. కందర్పకేతు విలాసము, హరిలీలా విలాసము అన్నవి కూడా ఆయన రచనలుగా పేర్కొంటారు. అవి మనకు పూర్తిగా దక్కలేదు.

కావ్యాలు పండితుల అరల్లోకి వెళ్లాయి. చమత్కారాలు వీధుల్లోకి వెళ్లాయి. తమిళ దేశంలో తెనాలి రామన్ అయ్యాడు, కన్నడ సీమలో తెనాలి రామకృష్ణనే. కథలు అచ్చులోకి వచ్చినప్పుడు ఒక ముచ్చట జరిగింది. 1947 జూలైలో మద్రాసులో తెలుగు, తమిళ భాషల్లో చందమామ మొదలైంది. దాన్ని బి. నాగిరెడ్డితో కలిసి నడిపిన చక్రపాణి పుట్టింది తెనాలిలో. 1952 నుంచి 1980లో పోయేదాకా దాని సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. పేజీ పేజీకీ బొమ్మ, చిన్న చిన్న వాక్యాలు, చదవడం అప్పుడే నేర్చిన పిల్లకూ అందే తెలుగు. ఆ పత్రిక కన్నడంలోనూ వచ్చింది, ఇంకా ఎన్నో భాషల్లో వచ్చింది. రామలింగడి ఊరివాళ్లు ఇద్దరు దేశమంతటా పిల్లలకు కథ చెప్పడం ఎలాగో నేర్పారంటే అతిశయోక్తి కాదు.

1967లో అనంత్ పై మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ వరసలో తెనాలి రామన్ బొమ్మల పుస్తకం వచ్చింది. దానితో తెలుగు రాని పిల్లలకూ ఆయన దొరికాడు. 1956లో బి.ఎస్. రంగా తీసిన తెనాలి రామకృష్ణ చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు రామకృష్ణుడు, ఎన్.టి. రామారావు కృష్ణరాయలు. ఆ రంగాగారే 1982లో కన్నడంలో హాస్యరత్న రామకృష్ణ తీశారు, అందులో అనంత్ నాగ్. దూరదర్శన్‌లో టి.ఎస్. నాగాభరణ హిందీలో తీసిన ధారావాహిక 1990లో వచ్చింది. ఇలా లెక్కపెడితే, ఈ తెలుగు కవిని దేశానికి చూపించడంలో కన్నడిగుల చేయి చిన్నదేమీ కాదు. ఎవరివాడని పిల్లవాడు అడిగినప్పుడు మేము తడబడింది అందుకే. మావాడే అని గట్టిగా అనడం తేలిక. తెలుగులో రాశాడు గనుక అది నిజం కూడా. కానీ వాడి చేతిలోని పుస్తకం కన్నడలో ఉంది, దాన్ని చదివే వాడు నవ్వాడు. ఆ నవ్వును ఎందుకు తీసేసుకోవాలి?

మేము అడిగేది వేరు. ఆ పుస్తకం పక్కన ఇంకొకటి ఉండాలి. మన ఇళ్లలో చాలామంది పిల్లలకు తెలుగు వినడం, మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అమ్మమ్మ కథ చెవి దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది. అక్షరం వస్తే చందమామ కథ చదవగలరు, కథ చదవగలిగితే పదో తరగతి నాటికి నిగమశర్మ అక్క దగ్గరికి పోగలరు. అక్షరం రాకపోతే రామలింగడు పిల్లి కథ దగ్గరే ఉండిపోతాడు. కన్నడం వచ్చిన పిల్లకు తెలుగు అక్షరాలు పట్టుబడడానికి ఎక్కువ కాలం పట్టదు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లు, తలకట్టు కాస్త తేడా. ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, వేసవి సెలవులు చాలునన్న ఉపాధ్యాయులున్నారు. రోజూ పడుకోబోయే ముందు అరగంట, ఒక కథ, అమ్మ వేలు పెట్టి చూపిస్తే చాలు.

ఒక మాట తల్లిదండ్రులతో. మీ తెలుగు కోలారు తెలుగు అని, అందులో కన్నడం కలిసిందని పిల్లల ముందు చిన్నబుచ్చుకోకండి. పట్నం నుంచి వచ్చిన చుట్టాలు నవ్వితే నవ్వనివ్వండి. రామకృష్ణుడి పద్యాల్లో సంస్కృత సమాసాల పక్కనే వంటింటి మాటలు, పెరటి మాటలు వచ్చి కూర్చుంటాయి. పండితులు వాటిని ఏరి పారేయలేదు, వాటి కోసమే ఆయన్ను చదివారు.

మరుసటి శనివారం మేము మళ్లీ టేకల్ వెళ్లాం. అదే పిల్లవాడు, ఈసారి స్నేహితులతో. పలక మీద వికటకవి అని తెలుగులో రాసి, దాని కింద కన్నడలో రాశాం. రెండూ అటూ ఇటూ ఒకేలా చదవొచ్చని చూపించాం. ఇలాంటి మాటలు ఇంకేమైనా చెప్పమంటే ఒకమ్మాయి జలజ అంది, అది వాళ్ల అత్త పేరట. ఒకడు మడమ అన్నాడు. ఇంకొకడు పులుపు అని నాలుక బయటపెట్టాడు. మన వాడు కన్నడంలో కిటకి అన్నాడు. తెలుగులో కిటికీ కదా, చివర దీర్ఘం వస్తుంది, చెల్లదని జలజ మేనకోడలు తగువు పెట్టుకుంది. ఆ తగువు తేలకముందే వెనక నుంచి ఎవరో గదగ అని అరిచారు. గదగ ఊరి పేరు కదా, ఊళ్ల పేర్లు చెల్లుతాయా అని మళ్లీ మొదలైంది. బండి వచ్చేసింది. మేము దాన్ని వదిలేసి తరువాతి బండికి వెళ్లాం.